మూడో దారిలో నడిచిన కబురు

ఒక తీగ మీద ఒకేసారి ఒక్క సంభాషణే నడుస్తుందన్నది టెలిఫోను పుట్టిన నాటినుంచీ లోకంలో స్థిరపడిన నమ్మకం. లైను ఎంగేజ్‌లో ఉన్న ఇంటికి బయటివారు ఫోను చేయలేరు, ఆ ఇంట్లోవారు బయటికీ చేయలేరు. ఇది తమ స్వానుభవమని లక్షలమంది సాక్ష్యం చెబుతారు. స్వానుభవమే, కాదనలేం. సూర్యుడు తూర్పున లేచి మన నెత్తిమీదుగా నడిచి పడమట దిగుతాడన్నదీ స్వానుభవమే.

ఆ శుక్రవారం మధ్యాహ్నం రెండుగంటల నలభై నిమిషాలకు ఒక హత్యకేసు మొత్తం ఈ నమ్మకం మీద నిలబడి ఉంది. ఐదింటికి ఇన్‌స్పెక్టరు దాన్ని మేజిస్ట్రేటు ముందు పెట్టబోతున్నాడు. దానితోపాటు ఇరవై ఆరేళ్ల స్కాన్ టెక్నీషియన్‌ని కూడా.

ఆ అమ్మాయి అక్క స్టేషను వరండాలో బెంచీ మీద అన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పొద్దున ఎనిమిదింటికి తెచ్చిన డబ్బా. మూత ఇంకా తీయలేదు. ఆమె పిలిస్తేనే గడియారం మేడమ్ ఈ కేసులోకి వచ్చింది. పోలీసు శిక్షణ కళాశాలలో ఇరవై రెండేళ్లు సాక్ష్యశాస్త్రం బోధించిన మనిషి. ఏ సాక్షి ఏం చెప్పినా, "అప్పుడు టైమెంత?" అన్నది ఆమె మొదటి ప్రశ్న. పేరు అలా వచ్చింది. పదవీ విరమణ తరువాత కూడా పేరు వదల్లేదు, ప్రశ్నా వదల్లేదు.

ఇన్‌స్పెక్టరు ఆమెకు పదిహేను నిమిషాలు ఇచ్చాడు. గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడమీద తడిమచ్చ. టెక్నీషియన్ రెండు చేతులూ బల్లకింద దాచుకుని కూర్చుంది.

"మీ అక్క బయటే ఉందమ్మా. టైము తక్కువుంది, నేరుగా అడుగుతాను. పెద్ద డాక్టరు గారితో నీ పనేమిటి?"

"క్లినిక్‌లో తీసిన స్కాన్ బొమ్మలు ఫోన్ లైన్లో ఆయన ఇంటికి పంపుతానండీ. ఆయన చూసి రిపోర్టు చెబుతారు. గుండెజబ్బు వచ్చాక ఇల్లు కదలటం మానేశారు. నన్ను 'బొమ్మలమ్మాయీ' అని పిలిచేవారు."

"మాత్రలు?"

"రోజూ పొద్దున నేనే పెట్టెలో సర్ది, పదకొండింటికి వాళ్ల కిందింట్లో ఇస్తాను. కింద చిన్న డాక్టరు గారు ఉంటారు, ఆయన తమ్ముడు. భోజనంతోపాటు పెట్టె పైకి వెళుతుంది. అంతేనండీ. నేను మెట్లు కూడా ఎక్కను."

మంగళవారం మధ్యాహ్నం రెండింటికి పెద్ద డాక్టరు ఆ పెట్టెలోని మాత్ర వేసుకున్నాడు. సాయంత్రం నాలుగున్నరకు తమ్ముడు పైకి వెళ్లేసరికి కుర్చీలోనే ప్రాణం పోయి ఉంది. గుండెవేగం తగ్గించే మందు రక్తంలో ఉండవలసినదానికి పది రెట్లు ఉందని శవపరీక్ష చెప్పింది. చనిపోయింది మూడున్నరకూ నాలుగుకూ మధ్య.

"మామూలుగా బొమ్మలు పంపడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఒక పేషెంటువైతే ఎనిమిది నిమిషాలండీ."

"మంగళవారం మూడూ రెండు నుంచి మూడూ నలభై తొమ్మిది దాకా పంపావు. నలభై ఏడు నిమిషాలు."

"ఆయనే అడిగారండీ! ఒక పాత పేషెంటు ఫైలు. ఆపరేషనుకు ముందువీ తరువాతవీ మొత్తం ముప్ఫై ఒక్క బొమ్మ. పాత ఫైలు తీయాలంటే ఆ ఆపరేషను చేసిన చిన్న డాక్టరు గారి సంతకం కావాలి. సోమవారం సాయంత్రం పెట్టారు. 'రేపు సరిగ్గా మూడింటికి పంపు, అప్పుడు అన్నయ్య ఖాళీగా ఉంటాడు' అన్నారు."

మేడమ్ ఆ వాక్యాన్ని కాగితం మీద యథాతథంగా రాసుకుంది.

"పెద్దాయన నిన్ను అందరి ముందూ తిట్టారట. ఉద్యోగం తీయిస్తానన్నారట."

ఆ అమ్మాయి కళ్లు మొదటిసారి పైకి లేచాయి. "తిట్టారు. బొమ్మలు సగంలో ఆగిపోతున్నాయని. నా తప్పు కాదండీ, లైనులో ఏదో ఉంది. అందుకే శనివారం నేనే టెలిఫోన్ ఎక్స్ఛేంజికి వెళ్లి కంప్లైంటు రాసిచ్చాను. సోమవారం లైన్‌మన్ వచ్చి, బయట జాయింటులో చెమ్మ చేరిందని బాగుచేశాడు. 'వారం రోజులు లైను మీద కన్నేసి ఉంచుతాం' అన్నాడు. ఆ సాయంత్రమే పెద్దాయన ఫోన్ చేసి, 'తొందరపడి అన్నానమ్మా, మనసులో పెట్టుకోకు' అన్నారు. ఆ సంగతి చెబితే ఇక్కడెవరూ రాసుకోలేదు."

"కన్నేసి ఉంచుతామన్నాడా? ఆ మాటే అన్నాడా?"

"ఆ మాటే."

పదిహేను నిమిషాల్లో ఇంకా నాలుగు మిగిలి ఉండగానే మేడమ్ లేచింది. ఆమె విద్యార్థులు ఎవరైనా ఆ గదిలో ఉంటే దాని అర్థం గ్రహించేవారు.

ఒకప్పటి విద్యార్థి ఒకడు నడవాలోనే ఉన్నాడు.

"అయిందా మేడమ్? ఏడ్చిందా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, టీ గ్లాసు పట్టుకుని. "నా కేసు చాలా చిన్నదండీ. మాత్రలు సర్దింది ఆ పిల్ల. మాత్ర పని మొదలుపెట్టే వేళకు ముసలాయన ఎవరికీ ఫోన్ చేయకుండా నలభై ఏడు నిమిషాలు లైను బిగించింది కూడా ఆ పిల్లే. బిల్లు తెప్పించాను. ఆ టైములో ఆ ఒక్క కాల్ తప్ప ఇంకోటి లేదు. ఆ ఇంట్లోకి వచ్చేది ఒకే తీగ. నా కళ్లతో చూశాను, నా వేళ్లతో లెక్కపెట్టాను. ఒకటి."

"ఒకటి దాకా నీ లెక్క ఎప్పుడూ బాగానే ఉండేది."

"క్లాసులో మీరు గడియారం పాఠం చెబుతుంటే నాకు నిద్ర ముంచుకొచ్చేది. ఇప్పుడూ అలాగే ఉంది."

"తెలుసు. రెండుసార్లు తప్పావు. మూడోసారి నేనే నాలుగు మార్కులు కలిపాను. నా ఉద్యోగంలో నేను చేసిన తప్పు అదొక్కటే అనుకునేదాన్ని." ఆమె గోడమీద గడియారం వైపు చూసింది. మూడు గంటలు. "బిల్లు దేనికి వేస్తారు?"

"ఇదేం ప్రశ్నండీ? కాల్స్‌కి."

"ఎత్తిన కాల్స్‌కి. ఎత్తనివాటికి?"

ఇన్‌స్పెక్టరు గ్లాసు కిందపెట్టాడు. "లైను బిజీగా ఉంటే అసలు చేసే వీలేది? సరే రండి. ఆ గది మీకే చూపిస్తాను. చూసి, ఐదింటికి నన్ను నా పని చేసుకోనివ్వండి."

"ఎక్స్ఛేంజి నుంచి ఒకాయన్ని పిలుస్తాను. నీకు అభ్యంతరమా?"

"ఇద్దర్ని పిలవండి. తీగ ఒకటేగా!"

*

పెద్ద డాక్టరు చదువుగది మేడమీద ఉంది. కిటికీ తలుపులు మూసి ఉన్నాయి, స్కాన్లు చూసేవాడికి వెలుతురు గిట్టదు. కుర్చీ వెనక్కి నెట్టినది నెట్టినట్టే ఉంది. బల్లమీద కంప్యూటరు, ఫాక్స్ యంత్రం, చిన్న తెర ఉన్న టెలిఫోను. టెలిఫోను రిసీవరు దాని స్థానంలో లేదు. తీగ పొడవునా బల్ల అంచునుంచి వేలాడుతూ, నేలకు జానెడు ఎత్తులో ఆగి ఉంది.

"ఇది ఎవరు తీశారు?"

"ఎవరూ తీయలేదు. అలాగే ఉంది. పడిపోయేటప్పుడు చెయ్యి తగిలి ఉంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆయన పడిపోలేదు. కుర్చీలోనే ఉన్నాడని నీ పంచనామాలోనే ఉంది."

బల్లమీద ఒక రాత పుస్తకం తెరిచి ఉంది. చివరి పేజీలో రోగి ఫైలు నంబరు, దాని కింద పెద్ద డాక్టరు చేతిరాత: *వ్యాధి ఉన్న మూత్రపిండం: ఎడమ. తీసివేసినది: కుడి.* పక్కన సమయం కూడా వేసుకున్నాడు. మూడూ పద్నాలుగు. వేసిన గీత కాగితాన్ని దాదాపు చింపింది.

"డాక్టర్ల రాతలు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మనకేం అర్థమవుతాయి?"

"ఎడమ, కుడి అన్నవి కూడా అర్థం కావా?"

అంతలో మెట్లమీద అడుగులు వినిపించాయి. చిన్న డాక్టరు పైకి వచ్చాడు. నలభై ఐదేళ్ల మనిషి, సర్జను, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో బాగా తెలిసినవాడు. గుమ్మంలోనే ఆగి అన్న కుర్చీని చూసి తల తిప్పుకున్నాడు.

"ఈ గదిలోకి రావాలంటే కాళ్లు ఆడటం లేదు," అన్నాడు. "అడగండి, ఏం కావాలి?"

"మంగళవారం మూడింటినుంచి నాలుగింటిదాకా మీరెక్కడున్నారు?"

"ఆపరేషన్ థియేటర్లో. రెండున్నరకు వెళ్లి నాలుగుంబావుకు బయటపడ్డాను. ఏడుగురు సాక్షులు. ఇప్పటికే చెప్పాను."

"కింద ఇంట్లో?"

"ఎవరూ లేరు. మా ఆవిడ కుట్టుపని దుకాణానికి వెళ్లింది. ఇల్లు తాళం వేసి ఉంది." ఆయన గొంతు కాస్త తగ్గింది. "నన్ను తొలుస్తున్నది అదేనండీ. అన్నయ్య ఒక్క ఫోన్ చేయగలిగి ఉంటే పక్కవాళ్లయినా వచ్చేవారు. లైను ఆ బొమ్మలతో బిగుసుకుపోయింది. ఉన్నది ఒక్క తీగ, ఏం చేస్తాడు?"

"మీ కింది ఇంట్లో కూడా ఇలాంటి ఫోనే ఉందా?"

"ఉంది. ఇద్దరం ఒకేరోజు పెట్టించుకున్నాం."

"ఎవరు పెట్టించారు?"

చిన్న డాక్టరు ఒక్క క్షణం ఆలోచించాడు. ఆలోచించవలసినంత కష్టమైన ప్రశ్న కాదు. "నేనే," అన్నాడు.

మూడూ నలభైకి ఎక్స్ఛేంజి ఇంజనీరు వచ్చాడు. బట్టతల, మడిచిన గొడుగు, భుజానికి తోలుసంచి. ఎవరైనా 'లైను పోయింది' అంటే 'ఎక్కడికి పోయిందండీ?' అని అడిగే రకం. వేలాడుతున్న రిసీవరును చూసి అయ్యో అని, మేడమ్ అనుమతి తీసుకుని దాన్ని దాని స్థానంలో పెట్టాడు. తరువాత మోకాళ్లమీద కూర్చుని, గోడకు బిగించి ఉన్న అరచెయ్యంత తెల్ల పెట్టెను తట్టాడు.

"తీగ ఒకటే. ఇన్‌స్పెక్టరు గారు సరిగ్గానే లెక్కపెట్టారు," అన్నాడు.

"విన్నారా మేడమ్?"

"ఆగండి సార్, మొత్తం వినండి. తీగ ఒకటే గానీ దారులు మూడు. పాతకాలపు ఫోన్లో మీ గొంతు ఎలా ఊగితే తీగలో కరెంటు అలాగే ఊగేది. ఒక గొంతు ఊగుతున్నప్పుడు ఇంకో గొంతుకు చోటుండేది కాదు. ఇందులో గొంతు తీగలోకి వెళ్లదు, అంకెలు వెళతాయి. మీ మాటను సెకనుకు ఎనిమిది వేలసార్లు కొలిచి, ఆ కొలతల్ని అంకెలుగా పంపుతాం. ఒక కొలతకూ ఇంకో కొలతకూ మధ్య బోలెడంత ఖాళీ. ఆ ఖాళీలో రెండోవాళ్ల కొలత పడుతుంది. వంతులవారీగా అన్నమాట. తీగకు అవి మాటలో బొమ్మలో తెలియదు, దానికి అన్నీ అంకెలే. అందుకే ఒక దారిలో క్లినిక్ బొమ్మలు వస్తుంటే రెండో దారిలో హాయిగా మాట్లాడుకోవచ్చు."

"మరి మూడోది?" అంది మేడమ్.

ఇంజనీరు ముఖం వెలిగింది. ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారని ఎన్నో ఏళ్లుగా ఎదురుచూస్తున్నట్టున్నాడు. "అదండీ అసలైనది! మూడోది సన్నటి దారి. అందులో మాటలుండవు, కబురు ఒక్కటే. ఫలానా నంబరు ఫలానా నంబరును పిలుస్తోంది, అక్కడ మోగుతోంది, ఎత్తారు, పెట్టేశారు. ఈ కబుర్లన్నీ వేరేగా నడుస్తాయి. అవతలి ఫోను తెరమీద మీ నంబరు కనిపిస్తుందే, అదీ ఈ దారిలో వెళ్లిందే. ఎవరూ ఎత్తకపోయినా ఎందుకు ఎత్తలేదన్న కబురు వెనక్కి వస్తుంది. కారణానికో అంకె. పదిహేడు అంటే అవతల బిజీ. పంతొమ్మిది అంటే మోగి మోగి ఆగింది, ఎవరూ రాలేదు. ఇల్లు తాళం వేసి ఉంటే అదే వస్తుంది. ఇరవై ఒకటి అంటే..."

"ఇవన్నీ బిల్లులో ఉంటాయా?" మధ్యలో అడిగాడు చిన్న డాక్టరు.

"బిల్లులో ఎందుకుంటాయండీ, ఎత్తితేగా బిల్లు! మామూలుగా ఎక్కడా రాయం కూడా. ఈ లైను మీద మాత్రం సోమవారం నుంచి ట్రేస్ పెట్టాం. ఆ అమ్మాయి కంప్లైంటు ఇచ్చింది కదా. జాయింటు బాగుచేశాక ఏడు రోజులు మూడో దారిలో నడిచే ప్రతి కబురూ రాసుకోవడం మా పద్ధతి. నేను బయల్దేరేటప్పుడు మావాడికి చెప్పి వచ్చాను, మంగళవారం కాగితాలు ఈ ఫాక్స్‌కే పంపుతాడు."

ఇన్‌స్పెక్టరే ముందు తేరుకున్నాడు. "కథ బాగుంది. కోర్టులో ఇంజనీరు గారి కథ నిలబడాలంటే నా చెవులతో నేను వినాలి. ఆ ఫాక్స్ వస్తూ ఉండగా ఈ ఫోన్లోంచి కాల్ వెళితే, నా కేసు కాగితాలు నేనే చింపుతాను."

"చింపకు. వెనక తెల్లగా ఉంటుంది, కొత్త కేసు రాసుకోవచ్చు," అంది మేడమ్.

నాలుగూ ఆరుకు ఫాక్స్ యంత్రం కీచుమని మొదలుపెట్టింది. కాగితం అంచు బయటికి రాసాగింది. ఇంజనీరు వేలు చూపాడు. "మొదటి దారి నిండింది. ఇప్పుడు చేయండి. ఒకటో నంబరు మీట కింది ఇంటిది, నొక్కితే చాలు."

"ఎందుకండీ ఇదంతా?" అన్నాడు చిన్న డాక్టరు. "కింద మా ఆవిడ పడుకుని ఉంది. నాలుగు రోజులుగా నిద్ర లేదు దానికి."

"ఒక్క నిమిషం. తలుపు తెరిచి ఉంచు," అంది మేడమ్ ఇన్‌స్పెక్టరుతో.

ఆమె రిసీవరు ఎత్తింది. ఫాక్స్ కీచుమంటూనే ఉంది, చెవిలో మాత్రం స్వచ్ఛమైన డయల్‌టోను. మీట నొక్కింది.

కింద ఫోను మోగింది.

మెట్లమీదుగా స్పష్టంగా వినిపించింది. ఒకసారి. రెండోసారి. ఇన్‌స్పెక్టరు నోరు తెరిచి ఏదో అనబోయాడు. మూడోసారి మోగుతూ మోగుతూ, మధ్యలో తెగినట్టు ఆగిపోయింది. ఎవరూ హలో అనలేదు. మేడమ్ చేతిలోని ఫోను తెరమీద రెండు మాటలు వెలిగాయి: కాల్ రిజెక్టెడ్.

"ఇరవై ఒకటి," అన్నాడు ఇంజనీరు మెల్లగా. "మోగుతుండగా ఎవరో వద్దన్నారు. ఎర్ర బొత్తం నొక్కారు."

మేడమ్ తెరమీది అక్షరాలవైపు అవి ఆరిపోయేదాకా చూసింది. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి కూడా ఇవి కనిపించి ఉంటాయి. స్కాన్లు చదివే మనిషి, చిన్న అక్షరాలు చూడటం అలవాటు.

"నేను వెళ్లి చూసొస్తాను," అంటూ చిన్న డాక్టరు గుమ్మంవైపు కదిలాడు.

"అందరం వెళదాం," అంది ఆమె. ఇన్‌స్పెక్టరు అప్పటికే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. క్లాసులో నిద్రపోయినా, ఎప్పుడు ఎక్కడ నిలబడాలో మరిచిపోలేదు.

*

చిన్న డాక్టరు భార్య ఫోనుకు మూడడుగుల దూరంలో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఒక చేతిని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుంది.

"బావగారి నంబరు..." అంది. "బావగారి నంబరు వచ్చిందండీ తెరమీద. ఆయన పోయారు కదా. ఎవరు... భయమేసింది. నొక్కేశాను."

"భయపడకమ్మా. చేసింది నేనే, పైగదిలోంచి," అంది మేడమ్. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తాను ఎదురుగా కూర్చుంది. "ఎత్తకుండా వదిలేస్తే దానంతటదే ఆగిపోయేది. ఆ బొత్తం ఎందుకు నొక్కావు?"

"అలవాటైపోయింది."

"ఎప్పటినుంచి?"

"దీనికి ఒంట్లో బాగాలేదు," అన్నాడు చిన్న డాక్టరు. "నువ్వు లోపలికి వెళ్లు."

"ఆవిడ ఎక్కడికీ వెళ్లరు, మీరూ వెళ్లరు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. అతని గొంతులో ఇందాకటి వెటకారం లేదు.

ఆమె భర్త ముఖంవైపు చూసింది, అక్కడ ఏదో వెతికింది. దొరకలేదు కాబోలు, మేడమ్ వైపు తిరిగింది.

"మంగళవారం నుంచండీ. పొద్దున ఈయనే చెప్పారు. 'అన్నయ్య ఏదో పాత ఫైలు పట్టుకుని కూర్చున్నాడు, మధ్యాహ్నం నీకు ఫోన్ మీద ఫోన్ చేసి నా గురించి ఏవేవో అంటాడు, నువ్వు ఎత్తొద్దు, ఎర్ర బొత్తం నొక్కు' అన్నారు. బావగారు నొచ్చుకుంటారేమో అన్నాను. 'నొక్కితే ఆయనకు బిజీ అని వస్తుందిలే, ఏమీ అనుకోడు' అన్నారు."

"మంగళవారం మధ్యాహ్నం నువ్వు కుట్టుపని దుకాణానికి వెళ్లలేదా?"

"లేదండీ. ఎవరు చెప్పారు?"

ఇన్‌స్పెక్టరు చిన్న డాక్టరు వైపు చూశాడు.

"ఆ రోజు ఎన్నిసార్లు నొక్కావమ్మా?"

"నాలుగో ఐదో. వెంటవెంటనే వచ్చాయి. ఇంత పట్టుదలేంటి ఈ మనిషికి అని విసుక్కున్నాను కూడా. తరువాత ఆగిపోయాయి. పోనీలే, ఆయన కోపం తగ్గినట్టుందనుకున్నా..."

ఆమె మాట అక్కడ ఆగింది. తాను అన్నదాన్ని తానే రెండోసారి విన్నట్టు ముఖం మారింది. కళ్లు పైకి, మేడమీది గది ఉన్నవైపు వెళ్లాయి.

"ఏమండీ, ఆయన మీ గురించి చెప్పడానికి చేయలేదా?"

చిన్న డాక్టరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"మాత్రల పెట్టె పదకొండింటికి నీ చేతికే వస్తుంది కదా," అంది మేడమ్. "మంగళవారం పైకి ఎవరు తీసుకువెళ్లారు?"

"ఈయనేనండీ. ఏనాడూ మెట్లెక్కని మనిషి, 'ఇవాళ నేనే ఇస్తాను' అన్నారు. అన్నదమ్ములు మాట్లాడుకుంటే మంచిదేగా అని సంతోషించాను."

"ఈ తీగలో ఉన్నది ఒక్క దారి కాదనీ, బొమ్మలు వస్తున్నా ఫోన్ చేయవచ్చనీ మీకు తెలుసు," అంది మేడమ్, చిన్న డాక్టరు వీపుతో. "తెలుసు కనుకనే ఆవిడకు బొత్తం సంగతి చెప్పారు. ఇన్‌స్పెక్టరుకు తెలియదని కూడా తెలుసు. అందుకే మూడింటికి బొమ్మలు పంపమన్నారు."

"మా ఆవిడ మాట ఒక్కటే మీ సాక్ష్యమా?" అన్నాడు అతను ఇటు తిరగకుండానే. "భార్య మాట కోర్టులో ఎంతసేపు నిలుస్తుంది? ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి. అది నా మాట కాదంటుందనుకుంటున్నారా?"

భార్య ఫోనుకు ఉన్న ఎర్ర బొత్తంవైపు చూస్తూ కూర్చుంది.

మెట్లమీద గొడుగు టకటకమంది. ఫాక్స్ దగ్గరే ఆగిన ఇంజనీరు రెండు కాగితాలు పట్టుకుని దిగాడు. మేడమ్‌కు ఇవ్వబోయి, ఆమె కళ్లతోనే చూపగా, ఇన్‌స్పెక్టరుకు ఇచ్చాడు. ఇన్‌స్పెక్టరు నిలబడే చదివాడు. రెండోసారి చదవడానికి కూర్చున్నాడు.

"చివర్లో ఈ రెండు అంకెలేమిటి?" అని అడిగాడు. "నాలుగు, ఏడు. ఎవరి నంబరు?"

"అవి రెండే కదండీ, నంబరంటూ ఏం చెబుతాం?" అన్నాడు ఇంజనీరు. "నలభై ఏడుతో మొదలయ్యేవి మా ఎక్స్ఛేంజిలో క్లినిక్‌వే. స్కాన్ గదిది కూడా."

ఇన్‌స్పెక్టరు చొక్కా జేబులోంచి కలం తీసి, కేసు డైరీ తెరిచాడు. మేడమ్ వైపు చూడలేదు. "టైమెంత మేడమ్?" అన్నాడు.

"నాలుగూ ముప్ఫై ఎనిమిది."

అతను రాశాడు: *4:38. స్కాన్ టెక్నీషియన్‌ను విడుదల చేయవలసిందిగా స్టేషనుకు ఫోను ద్వారా ఆదేశించడమైనది. మృతుని తమ్ముడిని అదుపులోకి తీసుకోవడమైనది. అతని భార్య వాంగ్మూలం నమోదు చేయడమైనది. ఎక్స్ఛేంజివారి కాగితం ఇందువెంట జతపరచడమైనది.*

జతపరచిన కాగితం:

*మంగళవారం. చందాదారు: మేడమీది ఇల్లు.*

*3:02:11. మొదటి దారి. క్లినిక్ నుంచి డేటా. ప్రారంభం.*

*3:21:08. రెండో దారి. కింది ఇంటికి పిలుపు. మోగింది. 3:21:15, తిరస్కరణ (21).*

*3:22:02. రెండో దారి. కింది ఇంటికి పిలుపు. మోగింది. 3:22:07, తిరస్కరణ (21).*

*3:24:40. రెండో దారి. కింది ఇంటికి పిలుపు. మోగింది. 3:24:44, తిరస్కరణ (21).*

*3:27:31. రెండో దారి. కింది ఇంటికి పిలుపు. మోగింది. 3:27:34, తిరస్కరణ (21).*

*3:30:12. రెండో దారి. కింది ఇంటికి పిలుపు. మోగింది. 3:30:14, తిరస్కరణ (21).*

*3:34:50. రెండో దారి. రిసీవరు ఎత్తబడినది. అంకెలు: 4, 7. మరి అంకెలు లేవు. 3:35:20, గడువు ముగిసినది.*

*3:49:02. మొదటి దారి. డేటా పూర్తి. 31 బొమ్మలు అందినవి. పొరపాట్లు లేవు.*